లార్డ్ మెకార్ట్నీ: ఐర్లండు భూస్వామి, మద్రాసు గవర్నరు, మన సర్కార్లు

#1 గోదారి_గట్టు

కంపెనీ కాలం గవర్నర్ల మీద ఈ వేదికలో చాలా త్రెడ్లు ఉన్నాయి. మన్రో మీదైతే లెక్కే లేదు. జార్జ్ మెకార్ట్నీ మీద మాత్రం ఒక్కటీ కనపడలేదు, అందుకే ఇది మొదలుపెడుతున్నా.

ఈయన 1737లో ఐర్లండు ఉత్తరాన ఆంట్రిమ్ కౌంటీలో, లిసనూర్ అనే ఎస్టేటులో పుట్టాడు. స్కాట్లండు నుంచి వలస వచ్చి అక్కడ భూములు సంపాదించిన ప్రొటెస్టెంట్ కుటుంబం. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదివాడు. 27 ఏళ్లకే రష్యాకు రాయబారి. ఆ తర్వాత ఐర్లండు ప్రభుత్వంలో చీఫ్ సెక్రటరీ, వెస్టిండీస్‌లో గ్రెనడా గవర్నరు, 1781 జూన్ నుంచి 1785 జూన్ దాకా మద్రాసు గవర్నరు. 1793లో చైనా చక్రవర్తిని కలిసిన మొదటి బ్రిటిష్ రాయబారి ఈయనే. చివర్లో కేప్ కాలనీ గవర్నరు. 1806లో లండన్ పక్కన చిజిక్‌లో పోయాడు.

ఆ రోజుల్లో మద్రాసు గవర్నరు గిరీ అంటే నాలుగేళ్లలో నాలుగు తరాలకు సరిపడా వెనకేసుకోవడమే. ఈయన మాత్రం కానుకలు ముట్టలేదని పేరు. మరి మంచి పాలకుడు అనొచ్చా? మీ అభిప్రాయాలు చెప్పండి.

#2 కరీంనగర్_కుర్రోడు

అన్నా, ఇల్లంతా దోచుకున్నోళ్ల దగ్గర పనిచేస్తూ తన జేబులో మాత్రం ఏమీ వేసుకోలేదంటే దాన్ని ఏమనాలె? ఆ ముచ్చట పక్కన పెట్టి ఐర్లండు సంగతి ముందు చెప్పండి. అది కూడా ఇంగ్లండు కింద ఉన్న దేశమే కదా, మరి అక్కడి మనిషి ఇక్కడికి దొరగా ఎట్లొచ్చిండు?

#3 డబ్లిన్_బాబు

ఇది నాకు ఇష్టమైన సబ్జెక్టు. డబ్లిన్‌కు వచ్చిన కొత్తలో ట్రినిటీ కాలేజీ ఎదురుగా స్తంభాలతో ఉన్న పెద్ద భవనం చూసి మ్యూజియం అనుకున్నాను. బ్యాంకు అని తర్వాత తెలిసింది. 18వ శతాబ్దంలో అదే ఐర్లండు పార్లమెంటు. మెకార్ట్నీ కూర్చున్నది అందులోనే.

ఆ పార్లమెంటు ఎవరిదో చూడండి. దేశంలో ఎక్కువమంది కేథలిక్కులు. వాళ్లకు సభలో సీటు లేదు. 1728 నుంచి 1793 దాకా ఓటు కూడా లేదు. భూమి కొనుక్కునే హక్కు 1780ల ముందు దాకా దాదాపు లేనట్టే. భూములన్నీ 17వ శతాబ్దపు యుద్ధాల తర్వాత చేతులు మారి ప్రొటెస్టెంట్ కుటుంబాల దగ్గర చేరాయి. కామన్స్ సభలో 300 సీట్లు. 32 కౌంటీలకు రెండేసి చొప్పున 64, ట్రినిటీ కాలేజీకి 2, మిగతా 234 చిన్న చిన్న బరోలవి, అంటే మెంబర్లను పంపే హక్కున్న పట్టణాలవి. ఆ బరోల్లో చాలావాటికి ఒక భూస్వామే యజమాని. ఎవర్ని పంపాలో ఆయన ఇంట్లో కూర్చుని చెబితే అయిపోయేది. రెండో జార్జి రాజు కాలంలో 1727లో ఎన్నికైన పార్లమెంటు ఆయన చనిపోయిన 1760 దాకా 33 ఏళ్లు అలాగే నడిచింది. తండ్రి గెలిచిన ఎన్నిక, కొడుక్కి పెళ్లీడు వచ్చినా ఇంకో ఎన్నిక లేదు!

అయితే ఇంత చేసీ వాళ్లకు పూర్తి అధికారం లేదు. 1494 నాటి పాయినింగ్స్ చట్టం ప్రకారం డబ్లిన్‌లో తయారయ్యే బిల్లు లండన్ ఒప్పుకుంటేనే చట్టం. అంటే కింద ఉన్నవాళ్ల మీద పెత్తనం వీళ్లది, వీళ్ల మీద పెత్తనం లండన్‌ది. కరీంనగర్ బ్రదర్ అడిగినదానికి జవాబు ఇందులోనే ఉంది. ఆంగ్లో-ఐరిష్ భూస్వాముల పిల్లలకు సొంత దేశంలో పైకెళ్లే మెట్లు తక్కువ. సైన్యం, కంపెనీ కొలువు, వలసల గవర్నరు గిరీ, ఇవే దార్లు. మెకార్ట్నీ మద్రాసులో దిగేసరికి అక్కడి సేనాధిపతి ఐర్ కూట్ కూడా ఐర్లండు వాడే, లిమరిక్ కౌంటీ.

#4 లా_పాయింట్

చిన్న సందేహం. ఈయన ఇంగ్లండు పార్లమెంటులో కూడా మెంబరు అని చదివాను. 1776లో బ్యారన్ అయ్యాడు, మళ్లీ 1780లో కామన్స్‌కి ఎన్నికయ్యాడు. లార్డ్ అయినవాడు కామన్స్‌లో ఎలా కూర్చుంటాడు?

#5 పాత_కాగితాలు

లా_పాయింట్ గారూ, అది ఐరిష్ బిరుదు కాబట్టి. ఐర్లండు లార్డులకు డబ్లిన్‌లో లార్డ్స్ సభలో చోటు ఉండేది కానీ వెస్ట్‌మిన్‌స్టర్ లార్డ్స్‌లో ఉండేది కాదు. అందుకని బ్రిటిష్ కామన్స్‌కు పోటీ చేయడానికి అడ్డు లేదు. ఈయన బీర్ ఆల్స్టన్ అనే బరో నుంచి 1780లో వెళ్లాడు. బ్రిటిష్ బిరుదు కోసం మాత్రం జీవితాంతం తహతహలాడాడు. 1796లో గానీ దక్కలేదు. ఆ తహతహ వల్ల ఏం పోగొట్టుకున్నాడో కింద చెబుతాను.

ముందు అసలు ప్రశ్నకు వస్తాను. మెకార్ట్నీ నిజాయితీ గురించి మాట్లాడేవాళ్లు మద్రాసు నుంచి మొదలుపెడతారు. 1769 నుంచి 1772 దాకా డబ్లిన్‌లో చేసిన ఉద్యోగం చూడాలని నా అభిప్రాయం.

అప్పటిదాకా ఐర్లండు పార్లమెంటును నడిపింది అండర్‌టేకర్లు. పాన్సన్‌బీ, బాయిల్ లాంటి పెద్ద కుటుంబాలు. లండన్ నుంచి వచ్చే వైస్రాయి ఏడాదిలో కొన్ని నెలలే ఉండేవాడు. ప్రభుత్వానికి కావలసిన ఓట్లు సమకూర్చే బాధ్యత వీళ్లు తీసుకునేవాళ్లు. బదులుగా ఉద్యోగాలు, పెన్షన్లు, కాంట్రాక్టులు ఎవరికి ఇవ్వాలో వీళ్లే చెప్పేవాళ్లు. 1767లో వచ్చిన వైస్రాయి టౌన్‌షెండ్ దీన్ని పగలగొట్టాలనుకున్నాడు. 1768లో ఎనిమిదేళ్లకోసారి ఎన్నిక తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. ఆ ఎన్నికల తర్వాత 1769లో సభ ప్రభుత్వపు ద్రవ్య బిల్లును తిరగ్గొట్టింది. టౌన్‌షెండ్ డిసెంబరులో సభను వాయిదా వేసి, మళ్లీ పిలిచింది 1771లో.

మధ్యలో ఆ ఏడాది పైచిలుకు ఏం జరిగింది? మెకార్ట్నీ పని మొదలైంది. చీఫ్ సెక్రటరీ అంటే సభలో ప్రభుత్వం గొంతు, బయట ప్రభుత్వం చెయ్యి. పాన్సన్‌బీని రెవెన్యూ బోర్డు నుంచి తీసేశారు. ఆయన గుప్పిట్లో ఉన్న కొలువులన్నీ వైస్రాయి చేతికొచ్చాయి. ఒక్కొక్క మెంబరునూ విడివిడిగా పిలిచి ఒకరికి పెన్షన్, ఒకరి బావమరిదికి ఉద్యోగం, ఒకరికి బిరుదు. 1771లో సభ తిరిగి కూడినప్పుడు పాన్సన్‌బీ ఓట్లు చూసుకుని స్పీకరు పదవి వదిలేశాడు. ఎడ్మండ్ పెరీ స్పీకరయ్యాడు. అంతకుముందు దళారులు పంచిన సొమ్ముని ఇప్పుడు ప్రభుత్వమే నేరుగా పంచింది, అంతే తేడా.

కాబట్టి గోదారి గారూ, ఈయన లంచం తీసుకోలేదు, నిజమే. ఇచ్చే కుర్చీలో మాత్రం మూడేళ్లు కూర్చున్నాడు.

#6 గోదారి_గట్టు

బాగుంది సార్. అయితే ఒక వాదన పెడతాను. ఓట్లు ఎలా కొంటారో దగ్గరుండి చూసిన మనిషికే, మద్రాసులో తనను కొనడానికి వచ్చినవాళ్లు ఎలా వస్తారో తెలుస్తుంది. ఆ అనుభవం లేకపోతే ఆర్కాటు నవాబు వలలో నెలరోజుల్లో పడేవాడు.

#7 మీనాక్షి_ఎమ్

ఆర్కాటు అప్పుల సంగతి నేను రాస్తాను, చెన్నైలో పుట్టి పెరిగినదాన్ని కదా.

నవాబు మహమ్మద్ అలీకి చేపాక్కంలో ప్యాలెస్, చుట్టూ అప్పులిచ్చిన కంపెనీ ఉద్యోగులు. పగలు కంపెనీ పుస్తకాలు రాసే గుమాస్తా సాయంత్రం నవాబుకు వడ్డీకి అప్పిస్తాడు. ఆ అప్పు తీర్చడానికి నవాబు జిల్లాల శిస్తు రాసిస్తాడు. రైతు కట్టింది నేరుగా దొర జేబులోకి. వీళ్లలో పెద్ద తల పాల్ బెన్‌ఫీల్డ్. 1776లో గవర్నరు పిగట్ ఈ ముఠాకి అడ్డొస్తే, సొంత కౌన్సిలే ఆయన్ని అరెస్టు చేయించింది. మరుసటి ఏడాది నిర్బంధంలోనే చనిపోయాడు. తర్వాత వచ్చిన రంబోల్డ్‌ను కంపెనీ 1781లో డిస్మిస్ చేసింది. మెకార్ట్నీ దిగింది ఆ కుర్చీలోకి.

దిగిన సమయం కూడా ఎలాంటిదో చూడండి. హైదర్ అలీ 1780లో కర్ణాటకం మీద పడ్డాడు. ఊళ్లు తగలబడ్డాయి, పల్లె జనం మద్రాసుకు పారిపోయి వచ్చారు. కరువు. 1782లో గంజి పోయడానికి పెట్టిన కేంద్రమే తర్వాత మణేగార్ సత్రం అయింది. రాయపురం వైపు ఆ పేరు ఇప్పటికీ వింటాం.

1781 డిసెంబరులో మెకార్ట్నీ నవాబుతో ఒప్పందం చేసుకున్నాడు. కనీసం అయిదేళ్ల పాటు కర్ణాటకం శిస్తు కంపెనీయే వసూలు చేస్తుంది, ఆరో వంతు నవాబు ఖర్చులకు ఇస్తుంది. దీంతో అప్పులవాళ్ల నోట్లో మట్టి పడింది. అప్పట్నుంచి వాళ్లందరికీ ఈయనే శత్రువు. కలకత్తాలో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ మొదట ఒప్పుకుని తర్వాత ఆ ఒప్పందం రద్దు చేసి శిస్తులు నవాబుకి తిరిగి ఇవ్వమన్నాడు. ఈయన ఇవ్వలేదు.

రైతుకి దీనివల్ల ఏం ఒరిగింది అంటే, శిస్తు వసూలు చేసే చెయ్యి మారింది. శిస్తు మారలేదు.

#8 కరీంనగర్_కుర్రోడు

ఆఖరు లైను బాగా చెప్పిండ్రు అక్కా.

#9 విశాఖ_విహారి

ఇక మన సర్కార్ల దగ్గరికి రండి. అందరూ అరవదేశం గురించే మాట్లాడుతున్నారు.

1760ల్లో నిజాం నుంచి కంపెనీకి వచ్చిన ఉత్తర సర్కార్లు అంటే చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్. గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ చేతిలో ఉండేది. ఆయన 1782లో పోయినా గుంటూరు కంపెనీ చేతికి వచ్చింది 1788లోనే. మెకార్ట్నీ కాలంలో అది లేదు.

హైదర్‌తో యుద్ధం నడుస్తుండగా కలకత్తాలో ఒక ఆలోచన పుట్టింది. సర్కార్లను నిజాంకి తిరిగి ఇచ్చేద్దాం, బదులుగా ఆయన గుర్రపు దళాన్ని మనవైపు పంపిస్తాడు అని. మెకార్ట్నీ గట్టిగా అడ్డం తిరిగాడు. సర్కార్ల ఆదాయం, తీరం వెంట ఓడరేవులు పోతే మద్రాసుకి ఊపిరి ఆడదని ఆయన లెక్క. ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

మా జిల్లాకు సంబంధించి ఇంకో సంగతి. సర్కార్లలో జమీందార్ల భూములు, ఆదాయాలు ఊరూరా తిరిగి విచారించడానికి 1776లో సర్క్యూట్ కమిటీ వేశారు. రంబోల్డ్ 1778లో దాన్ని ఆపేసి, జమీందార్లంతా మద్రాసు వచ్చి తనతోనే మాట్లాడుకోవాలన్నాడు. వందల మైళ్లు పల్లకీల్లో ప్రయాణం! ఊరికే రమ్మన్నాడా, ఏదో ఆశించి రమ్మన్నాడా అనేది అప్పుడే గొడవైంది. మెకార్ట్నీ హయాంలో కమిటీ మళ్లీ పని మొదలుపెట్టింది. కాశింకోట, విజయనగరం మీద 1784లో ఇచ్చిన నివేదిక ఆ ప్రాంతపు చరిత్ర రాసే ప్రతివాళ్లకీ ఇవాళ్టికీ ఆధారం. విజయనగరం రాజుగారి అన్న సీతారామరాజు దివాన్‌గిరీ చేసిన రోజులు అవి. విజయనగరం రాజుకూ కంపెనీకీ జరిగిన పద్మనాభం యుద్ధానికి దారితీసిన అప్పుల కథకు వేళ్లు అక్కడే కనిపిస్తాయి.

#10 కరీంనగర్_కుర్రోడు

ఆగండి ఆగండి. అంటే 1782లో సర్కార్లు నిజాంకి ఇచ్చేసి ఉంటే, 1956 దాకా ఆగకుండా అప్పుడే మనమంతా ఒకటే రాష్ట్రం అయ్యేటోళ్లమా? :)

#11 విశాఖ_విహారి

తమ్ముడూ, మళ్లీ అక్కడికే తెచ్చావు. ఇరవై ఏళ్లలో కంపెనీ ఎలాగూ తిరిగి తీసుకునేది. 1800లో రాయలసీమ జిల్లాలు ఏమయ్యాయో చూశాంగా. నిజాం సైన్యం ఖర్చు పేరుతో దత్తం చేయించుకున్నారు.

#12 లా_పాయింట్

ఇంత మంచివాడైతే మద్రాసు నుంచి రాజీనామా ఎందుకు చేశాడు? ద్వంద్వ యుద్ధాలు కూడా చేశాడంటారు.

#13 పాత_కాగితాలు

రెండూ చెబుతాను, కథ బాగుంటుంది.

1783లో కూట్ చనిపోయాక సైన్యం జనరల్ జేమ్స్ స్టువర్ట్ చేతికొచ్చింది. ఈ స్టువర్ట్ ఎవరో మీనాక్షి గారు పైన చెప్పిన కథలోనే ఉన్నాడు. 1776లో పిగట్‌ను కౌన్సిల్ మాట మీద అరెస్టు చేసింది ఈయనే. 1781లో పొల్లిలూరు యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకున్నాడు. కడలూరు ముట్టడిలో ఆయన నత్తనడక నడిచాడని, పౌర ప్రభుత్వం ఆదేశాలు లెక్కచేయడం లేదని మెకార్ట్నీకి కోపం. డిస్మిస్ చేశాడు. దిగనంటే, తన సెక్రటరీ జార్జ్ స్టాంటన్‌ని కొందరు సిపాయిలతో పంపి అరెస్టు చేయించి ఓడెక్కించాడు. ఒక గవర్నరును పట్టుకున్నవాణ్ణి ఇంకో గవర్నరు పట్టుకున్నాడు. పిగట్‌కి జరిగింది తనకీ జరగొచ్చని మెకార్ట్నీ ముందే చెయ్యి వేశాడని నా అనుమానం. ఈ స్టాంటన్ కూడా ఐర్లండు మనిషే, గాల్వే. టిప్పుతో 1784 మార్చిలో మంగళూరు సంధి మాట్లాడినవాళ్లలో ఒకడు.

1784లో కౌన్సిల్ మెంబరు సాడ్లియర్‌తో మాటా మాటా పెరిగి మద్రాసులోనే పిస్తోళ్లు పట్టుకున్నారు. గవర్నరుకు గాయమైంది. 1786లో లండన్‌లో స్టువర్ట్ పాత బాకీ తీర్చుకోవడానికి పిలిచాడు. ఒంటికాలు కాబట్టి చెట్టుకు ఆనుకుని నిలబడి కాల్చాడు. మళ్లీ గాయం మెకార్ట్నీకే. ఆంగ్లో-ఐరిష్ పెద్దమనుషుల్లో ఇది మామూలే. వాళ్ల పార్లమెంటు నాయకుడు హెన్రీ ఫ్లడ్ 1769లో ఒక రాజకీయ ప్రత్యర్థిని ఇలాగే చంపాడు, రాజకీయ జీవితానికి ఏ ఢోకా రాలేదు.

రాజీనామా సంగతి. 1784 చివర్లో లండన్‌లో కంపెనీ మీద అజమాయిషీకి ప్రభుత్వం పెట్టిన బోర్డ్ ఆఫ్ కంట్రోల్ కర్ణాటకం శిస్తులు నవాబుకి తిరిగి ఇచ్చేయమంది. పైగా నవాబు అప్పులు అసలువో నకిలీవో విచారించకుండానే తీర్చమంది. బెన్‌ఫీల్డ్ ముఠా బలం అది. 1785 ఫిబ్రవరిలో ఎడ్మండ్ బర్క్, ఈయన కూడా డబ్లిన్ వాడే, ఆ అప్పుల మీద పార్లమెంటులో గంటల తరబడి నిప్పులు చెరిగాడు. ఓటింగులో ఓడిపోయాడు. ఈ ఆజ్ఞ తన చేతులమీదుగా జరగకూడదని మెకార్ట్నీ కుర్చీ దిగేశాడు.

దిగి కలకత్తా వెళ్తే అక్కడ ఇంకో కబురు. హేస్టింగ్స్ వారసుడిగా గవర్నర్ జనరల్ పదవి ఈయనకే! ఒంట్లో బాగాలేదని వెంటనే తీసుకోకుండా ఇంగ్లండు వెళ్లి షరతులు మాట్లాడాడు. అందులో ఒకటి ఇందాక చెప్పిన బ్రిటిష్ బిరుదు. ప్రధాని పిట్, బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌లోని డండాస్ బేరం వద్దనుకుని కారన్‌వాలిస్‌ను పంపారు. మన శాశ్వత శిస్తు ఒప్పందం ఆయన పేరు మీద ఉండటానికి ఇది కూడా ఒక కారణం. కంపెనీ డైరెక్టర్లు మాత్రం ఈయనకు ఏడాదికి 1,500 పౌండ్ల పెన్షన్ ఇచ్చారు.

#14 గోదారి_గట్టు

కానుకలు తీసుకోని ఒక్క గవర్నరుకి కంపెనీయే కానుక ఇచ్చిందన్నమాట.

#15 డబ్లిన్_బాబు

ఈయన సొంత ఊరు మర్చిపోవద్దు. ఈయన చీఫ్ సెక్రటరీగా ఉన్నప్పుడే సొంత ఆంట్రిమ్‌లో కౌలుదార్లు తిరగబడ్డారు. స్టీల్‌బాయ్స్ అనేవాళ్లు. లార్డ్ డొనెగల్ పాత కౌళ్లు ముగియగానే కొత్తవాటికి పెద్ద మొత్తంలో ముందు డబ్బు అడిగాడు. ఇచ్చుకోగలిగిన పట్నం వ్యాపారులు తీసుకున్నారు, తరాలుగా దున్నుతున్నవాళ్లు బయటికి. 1770 డిసెంబరులో వాళ్లు బెల్‌ఫాస్ట్‌లో దూరి బందీగా ఉన్న తమ మనిషిని విడిపించుకుపోయారు. ప్రభుత్వం సైన్యాన్ని, కొత్త చట్టాలను దించింది. చాలామంది అమెరికా ఓడలెక్కారు. తిరగబడ్డవాళ్లు కేథలిక్కులు కూడా కాదు, ఎక్కువమంది మెకార్ట్నీ పూర్వీకుల్లాగే స్కాట్లండు నుంచి వచ్చిన ప్రెస్బిటేరియన్లు, ప్రొటెస్టెంట్లలోనే ఒక శాఖ.

బ్రిటిష్ సామ్రాజ్యానికి 'సూర్యుడు అస్తమించడు' అన్న మాటను అంటగట్టింది కూడా ఈయనే. 1773లో ఐర్లండు గురించి రాస్తూ వాడాడు. స్పెయిన్ సామ్రాజ్యానికి అంతకుముందే వాడుకలో ఉన్న మాట అది. ఐర్లండు ఆ పెద్ద సామ్రాజ్యంలో ఒక భాగంగా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. ఐర్లండు పార్లమెంటు నాయకుడు గ్రాటన్ లాంటివాళ్లు 1782లో పాయినింగ్స్ చట్టాన్ని సడలించి పార్లమెంటుకి స్వేచ్ఛ సాధించుకున్నప్పుడు ఈయన మద్రాసులో హైదర్‌తో తలపడుతున్నాడు. 1798 జూన్‌లో ఆంట్రిమ్ పట్నంలోనే తిరుగుబాటు యుద్ధం జరిగినప్పుడు కేప్‌లో ఉన్నాడు. సొంత గడ్డ మీద పెద్ద సంఘటన ఏది జరిగినా మనిషి ఊళ్లో లేడు.

#16 మీనాక్షి_ఎమ్

చైనా గురించి ఎవరూ రాయలేదు, రెండు ముక్కలు. 1793 సెప్టెంబరులో వేసవి విడిది జెహోల్‌లో చియన్‌లాంగ్ చక్రవర్తి ముందు నేలకు తల ఆనించి తొమ్మిదిసార్లు మొక్కమంటే, మా రాజుకి చేసినట్టే ఒక మోకాలి మీద వంగుతానన్నాడు. చివరికి అలాగే చేశాడు. వ్యాపారానికి కొత్త రేవులు, పెకింగ్‌లో రాయబారి, ఏవీ దక్కలేదు. స్టాంటన్ పన్నెండేళ్ల కొడుకు దారిలో చైనీసు నేర్చుకుని చక్రవర్తితో మాట్లాడి చేతి సంచీ బహుమతిగా కొట్టేశాడు. మొత్తం బృందంలో లాభపడింది ఆ పిల్లాడే అనిపిస్తుంది.

#17 లా_పాయింట్

ఆ లిసనూర్ ఎస్టేటు ఇప్పుడు ఉందా?

#18 డబ్లిన్_బాబు

ఉందండీ. ఆయనకు పిల్లలు లేరు. ఎర్ల్ బిరుదు ఆయనతోనే పోయింది, ఎస్టేటు సోదరి వైపు వాళ్లకు వెళ్లింది, వాళ్లు మెకార్ట్నీ ఇంటిపేరు పెట్టుకున్నారు. 1847లో కోటలో నిల్వ ఉన్న మందుగుండు పేలి భవనం కూలిపోయింది, ఇంటి యజమాని భార్య చనిపోయింది. ఇప్పుడు శిథిలాలు, చెరువు, తోట ఉన్నాయి. పెళ్లిళ్లకు అద్దెకిస్తారు.

#19 కరీంనగర్_కుర్రోడు

మద్రాసు గవర్నరు కోట కల్యాణ మండపం అయిందా! సరే, గోదారి అన్నా, నీ ప్రశ్నకు నా ఓటు 'కాదు'. అడుక్కునేటోడి జోలి లాక్కోలేదని దొంగకు దండ వెయ్యను.

#20 గోదారి_గట్టు

నాది సగం ఓటు. బెన్‌ఫీల్డ్‌తో పోలిస్తే మంచి, ఆంట్రిమ్ కౌలుదారు వైపు నుంచి చూస్తే మామూలు. ఆర్కాటు అప్పుల కోసం కుర్చీ వదులుకున్నవాడు డబ్లిన్‌లో పెన్షన్లు పంచలేనని ఎందుకు వదల్లేదో పాత_కాగితాలు గారు ఎప్పుడైనా రాయాలి.

#21 పాత_కాగితాలు

ఇప్పుడే రాస్తా. డబ్లిన్‌లో సొమ్ము రాజుగారి ప్రభుత్వం నిలబడటానికి వెళ్లింది, మద్రాసులో ప్రభుత్వాన్ని తినేయడానికి వెళ్లింది. ఆయన దృష్టిలో మొదటిది రాజకీయం, రెండోది దొంగతనం. ఇచ్చేది ఎవరి ఖజానా అన్న ప్రశ్న ఆయనకు రెండుచోట్లా తట్టలేదు.

#22 మోడరేటర్

సర్కార్లు–నిజాం–1956 మీద ఇంకా వస్తున్న పోస్టులను 'రాష్ట్ర విభజనలు' విభాగానికి మార్చాను. పద్మనాభం యుద్ధం మీద విశాఖ_విహారి గారు వేరే త్రెడ్ తెరిస్తే బాగుంటుంది. ఇక్కడ మెకార్ట్నీ గురించి మాత్రమే రాయండి.